మారుతి 800 ట్యాపెట్ సెట్టింగ్ ఇంట్లోనే: తరచుగా అడిగే ప్రశ్నలు

నాన్న కొన్న 1998 నాటి మారుతి 800 ఇంకా మా ఇంటి ముందే ఉంది. దాని ట్యాపెట్లు కొన్నేళ్ళుగా నేనే పెట్టుకుంటున్నాను. అది తెలిసి పాత 800, ఓమ్నీ ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు. అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ట్యాపెట్ సెట్టింగ్ అంటే అసలు ఏం చేస్తారు?

ఇంజన్ పైన ఉన్న హెడ్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు వాల్వులు ఉంటాయి. గాలి, పెట్రోలు లోపలికి వచ్చేది ఇన్‌టేక్ వాల్వు నుంచి. కాలిన పొగ బయటికి పోయేది ఎగ్జాస్ట్ వాల్వు నుంచి. క్యామ్‌షాఫ్ట్ (ఉబ్బెత్తు భాగాలున్న కడ్డీ, ఆ ఉబ్బులే క్యామ్‌లు) తిరుగుతుంటే రాకర్ ఆర్మ్ అనే చిన్న ఇనుప చెయ్యి ఊగి వాల్వును కిందికి నొక్కుతుంది. ఆ చెయ్యి చివర ఒక స్క్రూ, అది కదలకుండా పట్టి ఉంచే ఒక చెక్ నట్టు ఉంటాయి. వాల్వు పూర్తిగా మూసుకున్నప్పుడు ఈ స్క్రూ కొనకూ వాల్వు తలకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని కొలిచి సరిచేయడమే ట్యాపెట్ సెట్టింగ్.

ఇది ఏ కార్లకు వర్తిస్తుంది?

796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వుల ఎఫ్8బీ ఇంజన్ ఉన్నవాటికి. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కినప్పటి నుంచి ఈ ఇంజన్ ఉంది. ఓమ్నీకీ ఇదే. భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య నియమాలు వచ్చాక 2010లో హైదరాబాద్‌లో 800 అమ్మకాలు ఆగాయి. మిగతా ఊళ్ళలో మాత్రం ఇంకొన్నాళ్ళు అమ్మారు. 2014 జనవరిలో తయారీయే ఆపేశారు. అందుకే జిల్లాల్లో కాస్త కొత్త బండ్లు కూడా కనిపిస్తాయి.

మధ్యలో పన్నెండు వాల్వుల ఇంజన్‌తో కూడా కొన్ని 800లు వచ్చాయి. అవి ఈ పేజీలోకి రావు. ఇప్పటి కార్లు చాలావాటికి స్క్రూ పద్ధతే లేదు. కొన్నింట్లో ఆయిల్ ఒత్తిడితో ఖాళీ దానంతటదే సర్దుకుంటుంది. కొన్నింట్లో లెక్క ప్రకారం వేరే మందం ట్యాపెట్ తెచ్చి మార్చాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఖాళీ ఎంత ఉండాలి?

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ. చుట్టుపక్కల. ప్రింటర్‌లో పెట్టే మామూలు కాగితం ఒకటి దాదాపు 0.1 మి.మీ. మందం ఉంటుంది, అంటే ఒకటిన్నర కాగితం అన్నమాట. ఇన్‌టేక్‌కు, ఎగ్జాస్ట్‌కు మీ మోడల్ మాన్యువల్‌లో విడివిడిగా ఏం రాసి ఉందో చూసి ఆ అంకెలే పెట్టండి. నేను చెప్పిన అంకె, పక్కింటాయన చెప్పిన అంకె, రెండూ దాని తర్వాతే.

మాన్యువల్‌లో రెండు వరసలు కనిపిస్తాయి: చల్లటి ఇంజన్‌కు ఒకటి, వేడి ఇంజన్‌కు ఒకటి. వేడి అంకే పెద్దది. వేడికి ఇనుము సాగుతుంది కదా, ఖాళీ తగ్గాలి కదా, ఇదేదో అచ్చుతప్పు అనుకున్నాను మొదట్లో. కాదు. ఈ ఇంజన్ హెడ్ అల్యూమినియంది. అల్యూమినియం ఇనుము కంటే బాగా ఎక్కువ సాగుతుంది. ఇంజన్ మొత్తం వేడెక్కేసరికి హెడ్ పెరిగి, రాకర్లను మోసే షాఫ్టును పైకి ఎత్తేస్తుంది. దాంతో ఖాళీ పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

టకటక శబ్దం వస్తోంది. కొంచెం టైట్ చేసేస్తే సరిపోతుంది కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, అందరూ చేసే తప్పూ ఇదే. అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను.

ఖాళీ ఎక్కువైతే రాకర్ వచ్చి వాల్వు తలను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. టకటక అదే. చెవికి చిరాకు. వాల్వు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, తొందరగా మూసుకుంటుంది, కాబట్టి పికప్ కూడా కొంచెం తగ్గుతుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే రాకర్, స్క్రూ కొన అరుగుతాయి. అంతకుమించి రేపే మునిగిపోయేదేమీ లేదు.

ఖాళీ తక్కువైతే అసలు శబ్దమే ఉండదు. ఇంజన్ కుట్టుమిషన్‌లా హాయిగా తిరుగుతుంది. లోపల జరిగేది వేరు. ఎగ్జాస్ట్ వాల్వు నిప్పుల్లో పని చేస్తుంది. దాని అంచు ఎర్రగా కాలే స్థాయికి వెళ్తుంది. అది చల్లబడే అవకాశం ఒక్కటే: మూసుకున్నప్పుడు హెడ్‌లోని సీటుకు గట్టిగా ఆనుకుని, తన వేడిని దానికి ఇచ్చేయడం. బండి స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో వాల్వు చకచకా వేడెక్కి సాగుతుంది. హెడ్ మాత్రం నిదానంగా వేడెక్కుతుంది. ఆ మధ్య కాలంలో వాల్వు సాగడానికి చోటు లేకపోతే అది సీటు మీద పూర్తిగా కూర్చోదు. సందులోంచి మంట దూసుకుపోతుంది. అంచు కాలి, పెచ్చు ఊడుతుంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని అదిమి ఉంచే బిగువు, పోతుంది. ఇక హెడ్ దించాల్సిందే.

మొరిగే కుక్క కరవదంటారు. ట్యాపెట్ల విషయంలో అది అక్షరాలా నిజం.

మా బండికి జరిగింది చెబుతాను. శబ్దం వస్తోందని ఒక షెడ్డుకు తీసుకెళ్ళాం. ఇరవై కిలోమీటర్లు నడిపి వెళ్ళాం కాబట్టి ఇంజన్ బాగా కాలిపోతోంది. మెకానిక్ అప్పటికప్పుడే కవర్ తీసి, ఇంజన్ వేడి మీదే 0.15కి పెట్టేశాడు. శబ్దం మాయం. నాన్న సంతోషంగా డబ్బులిచ్చారు. వేడి మీద 0.15 ఉంటే, చల్లారాక మిగిలేది అందులో మూడో వంతు కూడా కాకపోవచ్చని మాకు తెలియదు. కొన్ని నెలలకు పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ మొదలైంది, తర్వాత ఐడిల్‌లో మిస్సింగ్. హెడ్ దించి చూస్తే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు చంద్రవంకలా కాలిపోయి ఉంది. ఆ రోజు నుంచే ఈ పని నేను నేర్చుకున్నాను.

అంటే శబ్దం లేకపోయినా చూసుకోవాలా?

చూసుకోవాలి. వాడే కొద్దీ ఖాళీ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. స్క్రూ, రాకర్ అరిగితే పెరుగుతుంది, నిజమే. కానీ సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి పైకి జరుగుతుంది, దాంతో ఖాళీ తగ్గుతుంది. రెండింట్లో ఏది ముందు అరుగుతుందో మన చేతిలో లేదు. నేను 20,000 కి.మీ.కు ఒకసారి కవర్ తీసి చూస్తాను. మాన్యువల్‌లో ఇంకా ముందే చూడమని ఉంటే అదే పాటించండి.

ఎల్‌పీజీ కిట్ ఉంది. తేడా ఏమైనా ఉందా?

ఉంది. గ్యాస్ పొడిగా కాలుతుంది, పెట్రోలు తడి ఇచ్చే కాస్త చలవ కూడా దానికి ఉండదు. ఎగ్జాస్ట్ సీట్లు తొందరగా అరిగి ఖాళీ తగ్గుతూ వస్తుంది. మన దగ్గర గ్యాస్ పెట్టించుకున్న 800లు, ఓమ్నీలు చాలానే ఉన్నాయి. వాటికి నేనైతే 10,000 కి.మీ.కే చూడమంటాను. చూసిన ప్రతిసారీ అంకెలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒకే వాల్వు ఖాళీ ప్రతిసారీ తగ్గిపోతుంటే, ఆ సీటుకు రోజులు దగ్గరపడ్డాయని ముందే తెలుస్తుంది.

ఏం సామాన్లు కావాలి?

ఫీలర్ గేజ్ ఒకటి. షాపులో ‘ఫిల్లర్ గేజ్’ అని అడిగితేనే తొందరగా ఇస్తారు. విసనకర్రలా విచ్చుకునే సన్నటి స్టీలు రేకులు, ఒక్కోదాని మీద మందం చెక్కి ఉంటుంది. చెక్ నట్టుకు సరిపోయే రింగ్ స్పానర్ కావాలి. ఓపెన్ స్పానర్ వద్దు, నట్టు మూలలు గుండ్రమైపోతాయి. స్క్రూ తల మీద గాడి ఉంటే చిన్న స్క్రూడ్రైవర్, నలుపలకగా ఉంటే బైకు మెకానిక్‌ల దగ్గర ఉండే ట్యాపెట్ కీ. ప్లగ్ స్పానర్, సుద్దముక్క, శుభ్రమైన పాత గుడ్డ. కొత్త హెడ్ కవర్ ప్యాకింగ్ ముందే కొని పెట్టుకోండి. పాతది బాగానే ఉంటుందిలే అనుకున్న రోజే అది విరుగుతుంది, అదీ ఆదివారం, షాపులు మూసి ఉన్నప్పుడు.

ఇంజన్ ఎంత చల్లగా ఉండాలి?

రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే పని మొదలుపెట్టాలి. రెండు గంటలు ఆగింది కదా అంటే చాలదు. బోనెట్ కింద చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, హెడ్ లోపల ఉండదు.

మే నెలలో విజయవాడలో, రామగుండంలో తెల్లవారుజామున కూడా ముప్పై డిగ్రీలు ఉంటుంది, అది చల్లదనమేనా అని ఒకరు అడిగారు. ఆ కాస్త వేడికి వచ్చే తేడా మన చేతి తేడా కంటే తక్కువ. టెన్షన్ పడకండి. ఇంజన్, బయటి గాలి ఒకే వేడిలో ఉంటే చాలు. ఎండ నేరుగా బోనెట్ మీద పడకుండా మాత్రం నీడన పెట్టండి.

కవర్ తీసేటప్పుడు ఏం జాగ్రత్తలు?

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. తాళం చెవి జేబులో వేసుకోండి. మీ వేళ్ళు లోపల ఉండగా ఇంట్లోవాళ్ళు ఎవరైనా సరదాగా సెల్ఫ్ కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టాలు తీసేటప్పుడు ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్మును ముందు ఊది, తర్వాత విప్పండి. ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఆ రంధ్రాలను వెంటనే గుడ్డతో మూసేయండి. అందులో పడ్డ చిన్న వాషర్‌ను తీయడానికి ఒకసారి నాకు ఒక పూట పట్టింది.

ఓమ్నీకి ముందు సీటు ఎత్తితే ఇంజన్ కనిపిస్తుంది. వంగి చేసే పని, నడుము జాగ్రత్త.

ఇంజన్‌ను చేత్తో తిప్పడం ఎలా?

రెండు దార్లు. క్రాంక్ పుల్లీ (ఇంజన్ పక్కన బెల్టును తిప్పే చక్రం) బోల్టుకు పానా పెట్టి, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పడం ఒకటి. వెనక్కి తిప్పకండి, బోల్టు వదులవుతుంది. చెయ్యి అక్కడికి అందకపోతే, 800కు మాత్రమే (ఓమ్నీని నడిపేవి వెనక చక్రాలు, దానికి ఈ దారి కుదరదు), వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, టాప్ గేరులో వేసి ఆ చక్రాన్ని ముందుకు తిప్పండి. చక్రంతో పాటు ఇంజనూ తిరుగుతుంది. బండి కింద మాత్రం దూరకండి.

ఏ వాల్వును ఎప్పుడు కొలవాలో ఎలా తెలుస్తుంది?

కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. పుల్లీ మీద గుర్తులు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) లోపలి రోటర్ చూసి చేసే పద్ధతి ఉంది. కానీ పాత బండ్లకు ఆ గుర్తులు తుప్పులో కలిసిపోయి ఉంటాయి. అందుకే నేను రాకర్లను చూసి చేస్తాను.

ముందు ఒకటో సిలిండర్ రెండు రాకర్లను గుర్తుపట్టండి. పొగగొట్టం వైపు దారికి ఎదురుగా ఉన్నది ఎగ్జాస్ట్, కార్బురేటర్ నుంచి వచ్చే దారికి ఎదురుగా ఉన్నది ఇన్‌టేక్. ఇప్పుడు ఇంజన్‌ను మెల్లగా తిప్పుతూ ఈ రెండింటినే చూడండి. ఎగ్జాస్ట్ రాకర్ వాల్వును నొక్కి, మళ్ళీ పైకి లేస్తుంది. అది పూర్తిగా లేచే ముందే ఇన్‌టేక్ రాకర్ కిందికి కదలడం మొదలుపెడుతుంది. ఉయ్యాల బల్ల మీద పిల్లల్లా ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతుంది. అక్కడ ఆపండి. పుల్లీ మీద, దాని పక్కన ఇంజన్ మీద సుద్దతో ఒకే వరసలో రెండు గీతలు గీయండి. ఇప్పుడు పుల్లీని సరిగ్గా ఒక చుట్టు తిప్పి గీతలు మళ్ళీ కలపండి. ఆ సిలిండర్ ఇప్పుడు కంప్రెషన్ పైకొసలో ఉంది, అంటే పిస్టన్ గాలిని అదిమి పైదాకా వచ్చింది. రెండు వాల్వులూ మూసే ఉంటాయి. రాకర్లను వేళ్ళతో పట్టుకుని ఊపితే టిక్ టిక్ మని చిన్నగా కదులుతాయి. రెండూ కొలిచేయండి.

అయిదారు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. క్యామ్ గుండ్రటి భాగం వెడల్పుగానే ఉంటుంది, అక్కడ ఖాళీ మారదు.

తర్వాతి సిలిండర్ మూడు, ఆ తర్వాత రెండు. ఈ ఇంజన్ ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస, 1-3-2. ఒకదాని నుంచి ఇంకోదానికి పుల్లీ చుట్టులో మూడింట రెండు వంతులు, అంటే 240 డిగ్రీలు తిరగాలి. లెక్క నచ్చనివాళ్ళు ప్రతి సిలిండర్‌కూ ఆ ఉయ్యాల ఆటనే చూసుకోవచ్చు. నేనిప్పటికీ అంతే.

గేజ్ ఎంత బిగువుగా ఉండాలి?

దీన్ని రాతలో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. రేకుకు ఇంజన్ ఆయిల్ కాస్త రాసి స్క్రూ కొనకూ వాల్వు తలకూ మధ్య పెట్టండి. రెండు వేళ్ళతో లాగండి. మూసిన లావుపాటి పుస్తకంలోంచి కొత్త వంద నోటును లాగితే ఎలా వస్తుందో అలా రావాలి: పట్టుకుంటుంది, కానీ చిరిగేంత కాదు. జారిపోతే వదులు. లోపలికి తోస్తే రేకు వంగిపోతుంటే టైట్.

చేతి మీద నమ్మకం కుదిరేదాకా ఇలా సరిచూసుకోండి. మీ అంకె 0.15 అయితే, దానికంటే సన్నటి రేకు అడ్డం లేకుండా తిరగాలి, తర్వాతి లావు రేకు దూరనే కూడదు. ఈ రెండూ నిజమైతే మీరు సరిగ్గా ఉన్నట్టే. అనుమానం ఉంటే కాస్త వదులు వైపే ఉంచండి. ముఖ్యంగా ఎగ్జాస్ట్.

చెక్ నట్టు బిగించగానే ఖాళీ మారిపోతోంది. ఏం చేయాలి?

అందరికీ అంతే. నట్టు బిగుస్తుంటే స్క్రూను కూడా వెంట లాక్కుపోతుంది. ఎడమ చేత్తో స్క్రూడ్రైవర్‌ను కదలకుండా పట్టి, కుడి చేత్తో రింగ్ స్పానర్ తిప్పండి. రేకు మాత్రం సందులోనే ఉండనివ్వండి. బిగించాక మళ్ళీ కొలవండి. మొదటిసారి ఒక్కో వాల్వుకు నాలుగైదు సార్లు విప్పి బిగించాల్సి వస్తుంది. అయిదో సారికి చెయ్యే చెబుతుంది, నట్టు ఎంత లాక్కుంటుందో అంత ముందే వెనక్కి పెడతారు.

అలాగని నట్టును బలమంతా పెట్టి బిగించకండి. చిన్న నట్టు, సన్నటి స్క్రూ. మర పోతే రాకర్ మార్చాలి. వదిలేస్తే ఊడి లోపల పడుతుంది. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు.

అన్నీ సరిగ్గా పెట్టాను. అయినా టకటక పోలేదు!

వాల్వు తల తాకీ తాకీ స్క్రూ కొనలో చిన్న గుంట పడి ఉండొచ్చు. రేకు చదునుగా ఉంటుంది కాబట్టి గుంట మీద వంతెనలా నిలబడుతుంది. గేజ్ 0.15 అంటుంది, అసలు ఖాళీ ఇంకా ఎక్కువ. టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది. స్క్రూ మార్చడమే దారి, పెద్ద ఖర్చు కాదు.

అది కాకపోతే రాకర్ షాఫ్టు అరిగి ఉండొచ్చు. ఆయిల్ తక్కువగానో, జిడ్డు పట్టిపోయో ఉండొచ్చు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (హెడ్ నుంచి పొగను పొగగొట్టానికి చేర్చే భాగం) ప్యాకింగ్ లీకైనా అచ్చం ట్యాపెట్ లాగే టపటపలాడుతుంది. ఈ చివరిది చాలామందిని మోసం చేసింది, నన్ను కూడా. ఇక చివరి మాటగా: ఈ ఇంజన్‌కు కాస్త చిన్న చప్పుడు సహజం. అది వినిపిస్తుంటే నాకు నిద్ర బాగా పడుతుంది.

కవర్ పెట్టాక ఆయిల్ కారుతోంది.

పాత ప్యాకింగ్ ముక్కలు అంచున మిగిలి ఉంటాయి. గుడ్డతో పూర్తిగా తుడిచి కొత్తది పెట్టండి. కవర్ నట్లు ఎక్కువ బిగిస్తే లీకు ఆగదు, కవర్ వంకరపోయి ఇంకా పెరుగుతుంది.

తర్వాత స్టార్ట్ కాకపోతే?

బ్యాటరీ వైరు పెట్టారా? ప్లగ్ వైర్లు వరస మారాయా? పదిలో తొమ్మిది సార్లు ఈ రెండే. స్టార్ట్ అయి ఒక సిలిండర్ మిస్ అవుతుంటే వెంటనే ఆపేసి, ఆ సిలిండర్ రాకర్లను కంప్రెషన్ పైకొసలో మళ్ళీ చేత్తో ఊపి చూడండి. కదలకపోతే అక్కడ టైట్ పెట్టారు. అలా నడిపి చూద్దాంలే అనుకోకండి.

ఎంత సేపు పడుతుంది?

మొదటిసారి ఒక పూట. తర్వాత గంటన్నర, అందులో అరగంట చేతులు కడుక్కోవడానికే. సర్ఫు పొడి, కొంచెం కొబ్బరినూనె కలిపి రుద్దితే జిడ్డు పోతుంది. గోళ్ళ సందుల్లోది మాత్రం సోమవారం ఆఫీసుకు మీతో పాటే వస్తుంది.